ఎడంచేతి బండి

సోమవారం పొద్దున సత్యానందం మోటారు సైకిలు హ్యాండిల్ ఊడదీసి భుజాన వేసుకుని ఇంటికొచ్చేసరికి సంతోషమ్మ అన్నం వారుస్తోంది. గేదె కొమ్ముల్లా రెండు పక్కలా వంగి ఉన్న ఆ ఇనప గొట్టాన్ని వాకిట్లో దించి, అతను నేరుగా వంటింట్లోకి వచ్చి మూకుడు అందుకున్నాడు.

"దాంతో ఏం పనండీ?" అంది సంతోషమ్మ.

"ఇసక వేయించాలి."

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మొగుడి నోట రకరకాల మాటలు విన్నది గాని ఇలాంటిది ఇదే మొదటిసారి. గంజి గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అతని వెనకే వాకిట్లోకొచ్చింది. అక్కడ అప్పటికే మూడు ఇటికల పొయ్యి, గోనెసంచిలో కృష్ణ ఇసక, కంసాలి దగ్గర అడిగి తెచ్చిన తోలుతిత్తి సిద్ధంగా ఉన్నాయి. అంటే ఇది నిన్నటి ఆలోచన కాదు. వారం నుంచీ లోపల నానుతున్న ఆలోచన.

"ఉత్త గొట్టాన్ని కాల్చి వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. లోపల ఇసక కూరి వంచితే గుండ్రంగా వస్తుంది. తడి ఇసకైతే ఆవిరి పట్టి, బిరడా లేచొచ్చి మొహాన కొడుతుంది. అందుకని వేయించాలి," అని అతను ఓపిగ్గా చెప్పాడు.

"సరే, వేయించండి. ఆ మూకుడు మాత్రం మళ్ళీ నా వంటింట్లోకి తేవద్దు."

సత్యానందం కుడిచేతికి బొటనవేలు ఒక్కటే ఉంది. మిగిలిన నాలుగూ రెండేళ్ళ కిందట గుడివాడ రైసుమిల్లులో ఇంజను చూసే పనిలో ఉండగా బెల్టు లాక్కుపోయింది. అప్పట్నుంచీ మిల్లు యజమాని పిచ్చేశ్వరరావు అతన్ని గేటు దగ్గర స్టూలు మీద కూచోబెట్టి జీతం ఇస్తున్నాడు. లోపలికొచ్చే బళ్ళు చూడటం, బయటికెళ్ళే బళ్ళు చూడటం, అంతే. ఆ స్టూలు ఇచ్చినందుకు సత్యానందానికి కృతజ్ఞత ఉంది. ఆ స్టూలంటే ఒళ్ళుమంట కూడా ఉంది. రెండూ నిజమే. లోపల ఇంజను శ్రుతి తప్పితే గేటు దగ్గర కూచున్న అతనికే ముందు తెలిసేది. లోపలున్నవాడు వచ్చి ఏమైందని అడిగేదాకా పళ్ళు బిగించి కూచునేవాడు.

ఈ మధ్య పిచ్చేశ్వరరావు పొలాలకి నీళ్ళు తోడే ఆయిలింజన్ల ఏజెన్సీ తీసుకున్నాడు. దివిసీమలోనే ముప్పై ఎనిమిది అమ్మాడు. అమ్మడం వరకూ బాగానే ఉంది. ఒకటి ఆగితే బెజవాడ నుంచి మెకానిక్కు రావడానికి మూడు రోజులు పడుతోంది, ఈలోగా రైతులు మిల్లు గేటు దగ్గరికొచ్చి తిట్టిపోస్తున్నారు. ఆ తిట్లు వినేది కూడా సత్యానందమే. ఒకరోజు కోడూరు రైతు ఒకాయన తన ఇంజను ఎలా దగ్గి ఆగిందో నోటితో చేసి చూపిస్తే, స్టూలు మీంచి లేవకుండానే, డీజిలు గొట్టంలో గాలి చేరిందని చెప్పి, ఏ నట్టు వదులు చెయ్యాలో కూడా చెప్పి పంపాడు. ఆ ఇంజను ఆడింది. సంగతి పిచ్చేశ్వరరావు చెవిన పడింది.

"గోడౌను వెనక మిలటరీ మోటారు సైకిలు పడి ఉంది చూశావా? దాన్ని నువ్వు నడపగలిగేలా చేసుకో. బందరులో బ్రేకు ఇన్‌స్పెక్టరు చేత పాసు చేయించు. దివిసీమ మెకానిక్కు ఉద్యోగం నీదే. వచ్చే శనివారం దాకా చూస్తాను. కాకపోతే బెజవాడ మనిషినే నెలజీతానికి పెట్టుకుంటాను," అన్నాడు. పిచ్చేశ్వరరావు మాటంటే మాటే. అందులో తేదీ ఉంటే ఆ తేదీ కూడా మాటే.

మధ్యాహ్నానికి ఇసక పొడిపొడిగా రాలింది. గొట్టంలో పోసి, చిన్న సుత్తితో పక్కల తడుతూ దట్టించి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టాడు. సుద్దముక్కతో వంపు గుర్తు పెట్టాడు. సంతోషమ్మ చీర కొంగు బిగించి తిత్తి ఊదడానికి కూచుంది. బొగ్గుల్లో గొట్టం నెమ్మదిగా నలుపు వదిలి, పండుమిరప రంగుకి తిరిగింది.

"ఇంకా ఊదనా?"

"చాలు. పక్కకి జరుగు."

ఎడంచేత్తో పట్టుకారు పట్టి గొట్టాన్ని రెండు రైలుపట్టా ముక్కల సందులో దూర్చాడు. తడిపిన గోనె కుడి అరచేతికి చుట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. గోనె చుయ్యిమంది. గొట్టం వంగింది గాని కావలసినదానికన్నా రెండంగుళాలు ఎక్కువ లేచింది. తీసి చూసి, మళ్ళీ బొగ్గుల్లో పెట్టాడు. రెండోసారి తక్కువ లేచింది. మూడోసారి సంతోషమ్మ కళ్ళల్లో పొగకి నీళ్ళు కారుతుంటే, అతను ఖాళీగా ఉన్న పీట మీద కూచుని, ఎదురుగా హ్యాండిల్ ఉందనుకుని కుడి మోచెయ్యి మడిచి, అరచెయ్యి గాల్లో ఎక్కడ ఆగుతుందో చూసుకున్నాడు. సంతోషమ్మ చేత మోకాలి నుంచి అరచేతి దాకా తాడుతో కొలిపించాడు. ఆ కొలతకి వంచాడు. ఈసారి సరిగ్గా కుదిరింది.

చల్లారాక బిరడాలు తీసి ఇసక రాల్చి, వంపు మీద వేలు పెట్టి అటూ ఇటూ నిమిరాడు. ఎక్కడా నొక్కు లేదు. సంతోషమ్మ కూడా నిమిరి చూసింది.

"నున్నగానే ఉంది. ఇంక అన్నం తింటారా?" అంది.

బుధవారానికి హ్యాండిల్ బండికెక్కింది. మామూలు బండికి కుడిపక్క ఉండే యాక్సిలేటరు పిడిని అతను ఎడమపక్కకి మార్చాడు. క్లచ్చి ఎలాగూ ఎడమపక్కదే. కుడి కొమ్ము పైకి లేచి లోపలికి వంగి ఉంటుంది. దాని చివర సైకిలు ట్యూబు ముక్క పరిచిన రేకు దొప్ప. బొటనవేలు తగిలించి అరచెయ్యి అందులో ఆనిస్తే హ్యాండిల్ చేతికి అతుక్కున్నట్టే ఉంటుంది. ముందు చక్రం బ్రేకుకి వేళ్ళతో లాగే కమ్మీ తీసేసి, పాత ఇంజనులోంచి తీసిన పుష్‌రాడ్డు అనే ఇనపకడ్డీతో పొడుగాటి మీట చేశాడు. దాని కొసన బిగించిన రేకు పలకని మణికట్టుతో కిందికి నొక్కితే బ్రేకు పడుతుంది.

ఒక్క చిక్కు ఉంది. కుడిపక్క పిడిని ఎడమపక్క బిగిస్తే దాని తిరుగుడు తలకిందులవుతుంది. లోకంలో ఏ మోటారు సైకిలైనా పిడిని తన వైపు తిప్పుకుంటే పరిగెత్తుతుంది, అవతలికి తిప్పితే నెమ్మదిస్తుంది. ఇది దానికి సరిగ్గా ఎదురు. అవతలికి తిప్పితే పరుగు, ఇవతలికి తిప్పితే నెమ్మది. సత్యానందం వడ్లు ఆరబోసే కళ్ళంలో మొదటిరోజు రెండుసార్లు పడ్డాడు. ఒకసారి ఉప్పుడు వడ్ల రాశిలోకి వెళ్ళాడు. వడ్లు తిరగేసే ఆడవాళ్ళు నవ్వి, మళ్ళీ వాళ్ళే రాశి సరిచేసుకున్నారు. అతను లేచి, చొక్కాలోంచి వడ్లు దులుపుకుని, మళ్ళీ ఎక్కాడు. సాయంత్రానికి మణికట్టు కొత్త లెక్క నేర్చుకుంది. గురువారం కాలవగట్టు మీద ఎదురొచ్చిన ఎడ్లబండికి దారిచ్చి, ఆపి, మళ్ళీ బయల్దేరాడు. ఆ బండివాడు అతని చేతి వంక కూడా చూడలేదు. సత్యానందానికి అంతకన్నా సంతోషం మరొకటి లేదు.

పిచ్చేశ్వరరావు గురువారం మధ్యాహ్నం మిల్లుకొచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు.

"బాగుందయ్యా. కానీ అంతా ఎడంచేతి మీదే పెట్టావేంటి?"

"కుడిచెయ్యి కూడా పనిచేస్తుందండీ. ముందు బ్రేకు దానిదే."

"సరే. నేనొక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. బ్రేకు ఇన్‌స్పెక్టరు సోమేశ్వరరావు గారు మహా కచ్చితం మనిషి. హారను బొంగురుపోయిందని లారీని వెనక్కి పంపేశాడు. నీ చెయ్యి చూశాడంటే ఇంక బండి వంక చూడడు. ఆయన చూడాల్సింది బండిని కదా, మనిషిని కాదు కదా. మా రామబ్రహ్మం ఎక్కి నాలుగు రౌండ్లు తిప్పి చూపిస్తాడు. కాగితం మీద సంతకం పడ్డాక నీ బండి, నీ ఇష్టం."

రామబ్రహ్మం పిచ్చేశ్వరరావు మేనల్లుడు. కాలేజీ వదిలేసి మిల్లు లారీల వ్యవహారం చూస్తున్నాడు. రెండు చక్రాలున్నదేదైనా నడుపుతాడు.

సత్యానందానికి ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు, అదే ఇబ్బంది. ఈ రెండేళ్ళుగా తను చేస్తున్నది కూడా అదే. బయటికెళ్తే కుడిచేతి మీద తువ్వాలు. ఆదివారం ఏసు గుడిలో ప్రభువు రొట్టె పళ్ళెం వస్తే వెనక వరసలో ఉండటం. ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సొస్తే, ఎడంచేత్తో ఇస్తే అవమానం అనుకుంటారని, బల్ల మీద పెట్టి వెనక్కి జరగటం. చెయ్యి కనిపించకపోతే పనులు సులువుగా జరుగుతాయని అతనికి అనుభవమే.

"అలాగేనండీ," అన్నాడు.

సాయంత్రం ఆ మాట చెబితే సంతోషమ్మ చేటలో బియ్యం చెరగటం ఆపేసింది.

"మీ బండి ఆయన ఎక్కటం ఏంటండీ?"

"ఎక్కి చూపించేస్తాడు, అంతే."

"నా రవిక పట్టుకెళ్ళి పక్కింటి రావమ్మకి తొడిగితే సరిపోద్దా? మీ చేతికి తాడు పెట్టి కొలిచింది నేను. ఆ కొలత ఆయనకెలా సరిపోద్ది?"

"ఇది రవిక కాదే, ఇనుము. ఇనుముకి ఎవరైనా ఒకటే."

అన్నాడు గాని ఆ మాట తనకే నమ్మకంగా వినిపించలేదు. సంతోషమ్మ మళ్ళీ చేట ఎత్తింది.

శుక్రవారం రామబ్రహ్మం కళ్ళంలోకి వచ్చాడు. తల నున్నగా దువ్వి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. మంచివాడే. సత్యానందాన్ని పలకరించి, బండి మెచ్చుకుని, ఎక్కి కూచున్నాడు.

"ఇది తిరగేసి ఉంటుందండీ. అవతలికి తిప్పితే పరుగు, ఆపాలంటే ఇవతలికి. ముందు బ్రేకు మణికట్టుతో నొక్కాలి. కంగారులో మర్చిపోతారేమో," అన్నాడు సత్యానందం.

"నేను కంగారు పడటం చూశావా ఎప్పుడన్నా?"

మూడు రౌండ్లు నెమ్మదిగా తిరిగాడు. చక్కగానే ఆపాడు. "ఇంతేగా," అని దిగి, చేతులు దులుపుకున్నాడు. సత్యానందం మాత్రం ఒకటి చూశాడు. ప్రతి మలుపులోనూ రామబ్రహ్మం కుడిచేతి వేళ్ళు గాల్లో విచ్చుకుని, అక్కడ లేని బ్రేకు కమ్మీ కోసం వెతుకుతున్నాయి. "ఇంకో పది రౌండ్లు వేద్దామండీ," అన్నాడు. "లారీ లోడు చూడాలి," అని రామబ్రహ్మం వెళ్ళిపోయాడు. ఈ సంగతి పిచ్చేశ్వరరావుకి చెప్పాలనుకుని సత్యానందం ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల ఎవరో ఉన్నారు. కాసేపు నిలబడి తిరిగొచ్చేశాడు. ఆ తిరిగి రావడాన్ని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాడు.

శనివారం తెల్లవారగానే బండిని మిల్లు లారీలో తవుడు బస్తాల మధ్య తాళ్ళతో కట్టి, పామర్రు, గూడూరు మీదుగా బందరు చేరారు. పిచ్చేశ్వరరావూ రామబ్రహ్మమూ ముందు డ్రైవరు పక్కన. సత్యానందం వెనక, తవుడు బస్తా మీద, కుదుపుకి హ్యాండిల్ ఎక్కడ ఒరుసుకుంటుందోనని దానికి తన భుజం అడ్డం పెట్టి కూచున్నాడు.

ఊరి చివర లారీలు ఆగే ఖాళీస్థలంలో, గానుగ చెట్టు కింద బల్ల వేసుకుని సోమేశ్వరరావు గారు కూచుని ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, ఖాకీ దుస్తుల్లో, మెడలో విజిలుతో. అప్పటికే ఒక బస్సునీ రెండు లారీలనీ చూసి, ఒక లారీని వెనక్కి పంపేశారు. దాని డ్రైవరు చక్రం పక్కన గొంతుక్కూచుని బీడీ కాలుస్తున్నాడు.

తమ వంతు రాగానే ఇన్‌స్పెక్టరు లేచి వచ్చారు. దీపం చూశారు, గొలుసు చూశారు, హారను కొట్టించారు. తర్వాత హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు నేల మీంచి లేచేదాకా దాని మీద బరువేశారు. అది చెక్కు చెదరలేదు. వంగి, వంపు కింద వేలు పోనిచ్చారు.

"ఎవరు వంచారిది?"

"మా మిల్లు మెకానిక్కండీ," అన్నాడు పిచ్చేశ్వరరావు.

"నొక్కు పడలేదు. ఇసక పోశాడన్న మాట."

నాలుగడుగుల దూరంలో, చేతి మీద తువ్వాలుతో నిలబడి ఉన్న సత్యానందం నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. వేయించి పోశానండీ, అనాలనిపించింది.

"అంతా ఎడమవైపుకి మార్చారెందుకు?"

"దివిసీమలో గట్ల మీద తిరగాలి కదండీ, వీలుగా ఉంటుందని..."

"గట్టుకీ ఎడంచేతికీ ఏం సంబంధం?"

జవాబు కోసం ఆగకుండా ఇన్‌స్పెక్టరు పక్కకి జరిగి, "సరే, నడిపి చూపించండి," అన్నారు.

రామబ్రహ్మం ఎక్కాడు. మొదటి రౌండు బాగా తిరిగాడు. రెండో రౌండులో కాస్త ఊపు వచ్చింది, వేగం పెంచాడు. అంతలో సోమేశ్వరరావు గారు దారిలోకి వచ్చి, చెయ్యెత్తి విజిలు ఊదారు. పరీక్ష అదే. ఎవరైనా పిడి అవతలికి తిప్పి వేగం తగ్గిస్తారు. రామబ్రహ్మం మణికట్టు కూడా ఆరేళ్ళుగా తనకి తెలిసిందే చేసింది. అవతలికి తిప్పింది. ఇంజను గర్జించింది. కుడిచేతి వేళ్ళు గాలిని పట్టుకున్నాయి. ఇన్‌స్పెక్టరు పక్కకి గెంతారు. బండి ఆయన్ని దాటి, బీడీ కాలుస్తున్న డ్రైవరు ముందునుంచి వెళ్ళి, లారీలోంచి దించిన ఉప్పు బస్తాల వరసలోకి దూసుకుపోయి పక్కకి పడింది.

రామబ్రహ్మం మోకాలు దోక్కుపోయింది. ఒంటినిండా ఉప్పు. అంతకుమించి ఏమీ కాలేదు. సత్యానందం పరిగెత్తి ముందు ఇంజను ఆపి, తర్వాత అతన్ని లేపాడు.

సోమేశ్వరరావు గారు బల్ల దగ్గరికి నడిచి, కళ్ళజోడు తుడుచుకుని, కలం తీశారు.

"ఇది రోడ్డు మీదికి వచ్చే బండి కాదు. మామూలు హ్యాండిల్ వేసుకుని రండి. అప్పుడు చూస్తాను."

"అలాగేనండీ, క్షమించాలి," అన్నాడు పిచ్చేశ్వరరావు. తర్వాత సత్యానందం వైపు తిరిగి, నిజంగా జాలిగానే, గొంతు తగ్గించి చెప్పాడు. "పోనీలేవయ్యా. మామూలు హ్యాండిల్ వేయించేద్దాం. రామబ్రహ్మం నడుపుతాడు. నువ్వు వెనక కూచుని వెళ్ళి ఇంజన్లు చూడు. నీ జీతానికేం లోటు రాదు."

ఆ మాటలో దయ ఉంది. అందుకే సత్యానందానికి కాదనడం కష్టమైంది. రామబ్రహ్మానికి తీరినప్పుడు బయల్దేరాలి, అతను ఆపినచోట దిగాలి, ఎక్కమన్నప్పుడు ఎక్కాలి. గేటు దగ్గర స్టూలు కదలదు, ఇది కదులుతుంది, అంతే తేడా. మూడు వంపుల దాకా తిత్తి ఊదిన సంతోషమ్మ ఎర్రటి కళ్ళు గుర్తొచ్చాయి. ఇంటికెళ్ళి ఆమెకి ఏమని చెప్పాలి?

అతను ఉప్పు బస్తాల దగ్గరికి వెళ్ళి బండి లేపాడు. కాలు పెట్టే కమ్మీ ఒకటి వంగింది. లారీ డ్రైవర్ని అడిగి టైర్లు విప్పే ఇనపకమ్మీ తీసుకుని దాన్ని సరిచేశాడు. పిడిలో ఇరుక్కున్న ఉప్పు ఊదాడు. మీట నొక్కి చూశాడు. హ్యాండిల్ కొలత ఏమాత్రం మారలేదు. బండిని నడిపించుకుంటూ గానుగ చెట్టు కిందికి తెచ్చి నిలబెట్టాడు.

"అయ్యా, బండిలో లోపం లేదండీ. నడిపినాయనది కూడా తప్పు లేదు. ఈ హ్యాండిల్ ఆయనకి చేసింది కాదండీ."

"మరి ఎవరికి చేసింది?"

సత్యానందం తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. సోమేశ్వరరావు గారు ఆ చేతిని చూశారు. పక్కన లారీవాళ్ళు చూశారు. బస్సు కండక్టరు మెడ చాచి మరీ చూశాడు.

"లైసెన్సుందా?"

"వేళ్ళున్నప్పటిదండీ." జేబులోంచి తీసి ఎడంచేత్తో చాచి, అది ఎడంచెయ్యని గుర్తొచ్చి, కుడి అరచెయ్యి కూడా కిందికి చేర్చి ఇచ్చాడు. ఆయన అందుకున్నారు.

"వంచింది కూడా నువ్వేనా?"

"అవునండీ."

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు బండి చూడరనుకున్నామండీ."

"అనుకున్నామంటే? ఎవరు?"

పిచ్చేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. సత్యానందం అటు చూడలేదు. "నేను కూడా అనుకున్నానండీ," అన్నాడు.

సోమేశ్వరరావు గారు విజిలు చేతిలోకి తీసుకున్నారు. "నీ చెయ్యి చూసి పాసు చెయ్యను. చూసి ఫెయిలూ చెయ్యను. ఎక్కు," అన్నారు.

ఆ తర్వాత ముప్పావుగంట ఆయన అతన్ని వదల్లేదు. రెండు డీజిలు పీపాల మధ్య ఎనిమిది అంకెలా తిరగమన్నారు. సుద్దగీత దగ్గర ముందు చక్రం ఆపమన్నారు. రోడ్డు గట్టు ఎక్కుతూ సగంలో ఆగి, వెనక్కి జారకుండా మళ్ళీ బయల్దేరమన్నారు. అక్కడ ఎడంచేతి నాలుగు వేళ్ళతో క్లచ్చి వదుల్తూ అదే అరచేత్తో పిడి తిప్పాలి. ఒక్కసారి బండి వణికి ఆగిపోయింది. "మళ్ళీ," అన్నారాయన. మళ్ళీ ఎక్కాడు. అనుకోని చోట్ల విజిలు ఊదారు. ఒకసారి విజిలు లేకుండా తన గొడుగు చక్రం ముందుకి విసిరారు. మణికట్టు పలకని నొక్కింది. గొడుగుకి జానెడు దూరంలో బండి ఆగింది. సత్యానందం చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇప్పుడు స్థలం చుట్టూ తిరిగి, ఆ మూల కుడివైపుకి మళ్ళు. మళ్ళేముందు చెయ్యి చూపించు."

సత్యానందం బయల్దేరాడు. కుడివైపు మళ్ళేవాడు కుడిచెయ్యి చాపాలి. మూల దగ్గర పడుతున్నకొద్దీ మనసు వెనక్కి లాగింది. అవసరం కొద్దీ తువ్వాలు తియ్యటం వేరు. మోచెయ్యి బిగించి, అంతమంది ముందు చెయ్యిని జెండాలా చాపటం వేరు. మూల ఇరవై గజాల్లోకి వచ్చింది. అతను దొప్పలోంచి అరచెయ్యి తీసి, భుజం ఎత్తున, చివరిదాకా చాపాడు. బండి ఏమాత్రం తొణకలేదు. పరుగంతా ఎడంచేతిలోనే ఉంది కదా. మామూలు మనిషి కుడిచెయ్యి చాపాలంటే యాక్సిలేటరు వదలాలి. ఇతనికి ఆ అవసరమే లేదు. ఆ సంగతి సత్యానందానికి కూడా ఆ క్షణంలోనే తెలిసింది. కావలసినదానికన్నా కాస్త ఎక్కువసేపే చాపి ఉంచాడు.

వచ్చి ఆగాక సోమేశ్వరరావు గారు అన్నారు. "దూరాన్నుంచి కూడా కనిపించింది. వెనకొచ్చేవాడికి కావలసింది అదే. వేళ్ళు లెక్కపెట్టుకోడు."

బల్ల దగ్గర కూచుని చాలాసేపు ఇంగ్లీషులో రాశారు. రాసి, సంతకం పెట్టి, సీలు కొట్టారు. కాగితం పిచ్చేశ్వరరావు పేరు మీద ఉంది గనక ఆయన చెయ్యి చాపాడు. ఇన్‌స్పెక్టరు ఆయనకివ్వకుండా పట్టుకుని ఉన్నారు.

"ఏం రాశారండీ?" అన్నాడు సత్యానందం.

"బండి పాసయిందని రాశాను. కింద ఇంకో ముక్క రాశాను. ఈ హ్యాండిల్ కుడిచేతి వేళ్ళు లేని డ్రైవరు కోసం మార్చినది. సత్యానందం అనే ఈ డ్రైవరు తప్ప వేరెవరూ దీన్ని రోడ్డు మీద నడపకూడదు."

"అంటే, అవసరానికి ఎప్పుడైనా మావాడు..." అన్నాడు పిచ్చేశ్వరరావు.

"మీవాడు నడిపింది ఇందాక చూశాం కదండీ."

"పోనీ, బండి నా పేరు మీదుంది. నేనైనా?"

"మీకు పది వేళ్ళూ ఉన్నాయి కదండీ. కుదరదు," అని సోమేశ్వరరావు గారు మొహంలో ఏ మార్పూ లేకుండా కాగితం ఇచ్చేశారు.

మిల్లు నష్టపరిహారం కాగితంలో, ఆస్పత్రి చీటీలో, జీతాల పుస్తకంలో, ఈ రెండేళ్ళలో సత్యానందం చేతి గురించి ఎక్కడ ఏం రాసినా అది అతను చెయ్యలేని పనుల జాబితాయే. ఇతరులు చెయ్యకూడనిది, తనొక్కడే చెయ్యదగినది అని రాసిన కాగితం ఇదే. అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, బండి ట్యాంకు మీద ఉప్పు తువ్వాలుతో తుడవసాగాడు.

పిచ్చేశ్వరరావు కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకోబోయి, ఆగి, సత్యానందానికి ఇచ్చాడు. "ఇది బండితోపాటు ఉండాలిగా," అన్నాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "నాగాయలంకలో ఇంజను నిన్నట్నుంచి ఆగిపోయి ఉందట. ఇట్నుంచి ఇటే వెళ్ళగలవా?"

"వెళ్తానండీ. చల్లపల్లి మీదుగా మోపిదేవి చేరితే అవనిగడ్డ, అక్కణ్నుంచి నాగాయలంక ఎంతసేపు. పనిముట్ల సంచి పట్టుకోవడానికి వెనక ఒకళ్ళు ఉంటే బాగుండును."

రామబ్రహ్మం మోకాలికి కట్టుకున్న రుమాలు బిగించుకుని, లారీలోంచి సంచి దించి భుజాన తగిలించుకున్నాడు. "నేనొస్తాను మావయ్యా," అని, ఎవరి జవాబుకీ ఆగకుండా వెనక సీటు మీద కూచున్నాడు. "నెమ్మదిగా పోనివ్వు సత్యానందం. ఇవాళ్టికి ఒకసారి పడ్డాను, చాలు."

ఖాళీస్థలం దాటి రోడ్డెక్కితే చల్లపల్లికి కుడివైపు తిరగాలి. వెనక ఒక జట్కా, దాని వెనక ఇందాకటి బస్సు వస్తున్నాయి. సత్యానందం చెయ్యి చాపాడు. జట్కావాడు కళ్ళెం లాగాడు. బస్సు ఆగింది. అతను తాపీగా తిరిగి, దివిసీమ దారి పట్టాడు.